జర్మనీకి పోయిన అయిదు కట్టలు

మా వీధిలో షణ్ముగం గురించి రెండు మాటలు చెప్పుకుంటారు. జర్మనీలో మూడున్నరేళ్ళు ఊరికే కూర్చుని తిని వచ్చాడనేది ఒకటి. అక్కడ చదువు బాగానే సాగిందిగానీ ఇక్కడికొచ్చాక సోమరితనం పట్టుకుందనేది రెండోది. ఈ మాటలు అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండినా నోరు విప్పను. ఎందుకు విప్పనో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి. అందులో నా నిర్వాకం కూడా ఉంది.

నా పేరు వరదరాజులు. తిరుత్తణి నుంచి బస్సులో నలభై అయిదు నిమిషాలు పోతే మా ఊరు. అక్కడి తెలుగు బడిలో అయ్యవారిని. ఏడాదికేడాది పిల్లలు తగ్గిపోయి పక్కనున్న తమిళ బడిలో చేరుతున్నారు, అది వేరే ఏడుపు. షణ్ముగం నా భార్య తిరుమలమ్మకు తమ్ముడు. వాళ్ళ అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే ఇద్దరినీ పెంచింది మేనమామ గోవిందస్వామి. ఆయన మా మేట్టు వీధికి పావు మేస్త్రి. పడుగు నూలును మా వైపు పావు అంటారు. మగ్గం ఎక్కించే ముందు ఆ పావును వీధి పొడుగునా కర్రల మీద చాపి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి పెద్ద కుంచెలతో ఈ చివర నుంచి ఆ చివరకు తోయాలి. ఎండ ఎక్కేలోపల అంతా అయిపోవాలి. గంజి తక్కువైతే నూలు మగ్గం మీద తెగుతుంది, ఎక్కువైతే బిరుసెక్కి విరుగుతుంది. ఎంత గంజి, ఎన్ని తోపులు అన్నది మామ వేళ్ళకు తెలుసు. ఎవరింటి పావైనా సరే, ఆయన నిమిరి చూసి "ఊఁ" అన్న తర్వాతే మగ్గానికి పోయేది.

ఈ పనికి వాన పడదు. ఐప్పసి, కార్తిగ నెలల్లో, అంటే అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా, ముసురు పడితే వీధిలో పావు చాపలేరు. ఇళ్ళలో అంత పొడుగు చోటు లేదు. మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఆ రెండు నెలలూ మా వీధిలో రాగిసంగటి ఒక్కపూటకే దొరికేది. షణ్ముగం ఆ ఆకలి తిని పెరిగినవాడు. మద్రాసులో నూలు, నేత యంత్రాల చదువు చదివి ఇంజనీరు అయ్యాక కూడా వాడి ధ్యాసంతా ఒక్కటే. ఇంటి నడవలో పట్టేంత చిన్న మిషను, వానలో కూడా పావు తోసే మిషను, మేట్టు వీధి వాళ్ళు నలుగురు కలిసి కొనుక్కోగలిగే మిషను. మద్రాసు దగ్గర పట్టాభిరామ్‌లో యంత్రాల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో మూడేళ్ళు పనిచేశాడు. రైల్లో పోతూ వస్తూ సిగరెట్టు డబ్బా అట్టల మీద ఆ మిషను బొమ్మలు గీసేవాడు. గీసినవి తెచ్చి మామకు చూపించేవాడు. మామకు బొమ్మ అర్థమయ్యేది కాదుగానీ, "కుంచె యాడుండాది ఇందులో?" అని అడిగేవాడు. వాడు చూపిస్తే తృప్తిగా తల ఊపేవాడు.

డెబ్బై ఏడులో జర్మనీలో ఒక చిన్న ఊరి కాలేజీలో వాడికి చోటు దొరికింది. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు. మన ఎం.ఎస్.కు సమానమైన డిగ్రీని వాళ్ళ దేశంలో డిప్లొమ్ అంటారట. మా వీధికి ఇది పెద్ద తమాషా అయింది. పాలిటెక్నిక్‌లో పదో క్లాసు పాసైన పిల్లకాయలకు ఇచ్చే డిప్లొమా కోసం ఇంజనీరు చదివినోడు సీమకు పోతాడా అని నవ్వారు. ఒకడైతే "అక్కడ పదో క్లాసు కూడా మళ్ళీ చదవాల్నా అప్పా?" అని వాడినే అడిగాడు. షణ్ముగం కోప్పడలేదు. వాడికి కోపం రాదు. అదే వాడి ఖర్మ.

నీలం కాగితం ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి. తెలుగు అయ్యవారి బామ్మర్దికి తెలుగు రాయడం రాదు, అంతా తమిళంలోనే. నేను వాకిటి అరుగు మీద, మా మాటలో తిణ్ణె మీద, కూర్చుని చదివితే వీధి వీధంతా వినేది. అక్కడ ఊరి మధ్యలో ఏరట. ఏటి ఒడ్డున నూలు మిల్లులు, అందులో సగం మూతపడ్డాయి. ఒక ముసలావిడ ఇంట్లో పైకప్పు కింద వాలుగా ఉన్న గది, నిలబడితే తల తగులుతుంది. తాలింపు పెడితే ఆమె కిటికీలన్నీ తెరిచేస్తుంది. ఆదివారం బట్టలు ఉతకకూడదు, పక్కింటివాళ్ళు వచ్చి అడుగుతారు. ఇది విని మా వీధి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. మొదటి ఏడాది వాళ్ళ భాష నేర్చుకోవడంతోనే సరిపోయింది. క్లాసులో పంతులు బోర్డు మీద అంకెలు వేస్తేగానీ ఏం పాఠమో తెలిసేది కాదట. ఒక పరీక్ష తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కాడు. శనివారాలు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో లారీలకు సరుకు ఎత్తేవాడు.

అడుగున కొన్ని పంక్తులు నాకు మాత్రమే అని రాసేవాడు. అవి నేను తిణ్ణె మీద చదవలేదు. "బావా, ఇక్కడ రెండు దినాలు వరసగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. తిరిగి వచ్చేయాలని రోజూ అనుకుంటాను. మిషను గుర్తొచ్చి ఆగుతాను." ఆ ముక్క చదివిన రోజు బడిలో పాఠం చెప్పలేకపోయాను.

ఎనభైలో, జూలై నడుమ వచ్చే ఆడి మాసం ఇంకా రాకముందు, అసలు ఉత్తరం వచ్చింది. చివరి ఆరు నెలల పని మొదలైంది. ఏదైనా ఒక విషయం మీద సొంతంగా పరీక్షలు చేసి, పుస్తకం రాసి, ఇద్దరు పెద్దల ముందు నిలబడి జవాబు చెప్పాలి. అది నెగ్గితే డిగ్రీ, తప్పితే మూడేళ్ళ చదువూ గంగపాలు. షణ్ముగం పెట్టుకున్న విషయం మా వీధి పావు. గంజి ఎంతవరకు తగ్గించవచ్చు, ఎక్కడ నూలు తెగడం మొదలవుతుంది, ఆ లెక్క తేలితే మిషను కొలతలు తేలుతాయి. దానికి మా వీధి నుంచి అయిదు కట్టల నూలు కావాలన్నాడు. ఒకే నూలు, ఒకే చేతి తోపు. గంజి మాత్రం వేరు. మొదటి కట్టకు మామ వేసే గంజిలో కాలు, అంటే నాలుగో వంతు, రెండోదానికి సగం, మూడోదానికి ముక్కాలు, అంటే మూడు వంతులు, నాలుగోదానికి పూర్తిగా, అయిదోదానికి ఇంకో కాలు ఎక్కువ. "చెడ్డ కట్టలు చెడ్డగానే రావాలి, తెగేది తెగనీ, అదే నాకు కావాల్సింది" అని కింద గీత గీసి మరీ రాశాడు.

నేను చదవడం ముగించాను. మామ ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"వానికి చలికి మతి పోయినట్లుండాది," అన్నాడు మామ. "కాలు గంజి పావు మానమున్నోడు ఎవుడన్నా చేస్తాడా? ఆ దొరలు పట్టుకుని లాగుతారు. పుటుక్కున తెగుతాది. తెగితే ఎవురి పేరు పోతాది? వాని పేరా? మేట్టు వీధి పేరు పోతాది."

తిరుమలమ్మ వాకిట్లో కండెలు చుడుతూ ఉంది. చేయి ఆపి, "మామా, వాడు చదువుకోసం అడిగినాడు గదా. అడిగినట్ల చేసి పంపిస్తే పోలా?" అంది.

"నువ్వు సుమ్మా ఉండమ్మే. పరీక్షకు మంచి నూలు పంపిస్తే మార్కులొస్తాయా, తెగే నూలు పంపిస్తే వస్తాయా? ఏం అయ్యవారా, నువ్వు చెప్పు. నీ బడిలో తప్పు లెక్క రాసినోడికి మార్కులు వేస్తావా?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు తెలుసు. నేను చదువుకున్నవాణ్ణి. ఆ ఉత్తరం రెండుసార్లు చదివినవాణ్ణి. చెడ్డ నూలు లేకపోతే మంచి నూలు ఎంత మంచిదో కొలవలేరని ఆ పిల్లవాడు వివరంగా రాశాడు కూడా. కానీ తిణ్ణె మీద పదిమంది ఉన్నారు, పెద్దాయన నా మొహం చూస్తున్నాడు, నేను ఆ ఇంటి అల్లుణ్ణి. ఇంకా నిజం చెప్పాలంటే, తెగే నూలు మా పేరు మీద సీమకు పోవడం నాకూ నామోషీగానే అనిపించింది. నవ్వి, "మామ చెప్పేదీ న్యాయమే" అన్నాను.

తిరుమలమ్మ మళ్ళీ కండెలు చుట్టడం మొదలుపెట్టింది.

పావు చాపిన రోజు మామ తెల్లవారకముందే తలకు పోసుకున్నాడు. గంజి తానే కాచాడు, నువ్వులనూనె తానే కలిపాడు, కుంచెలు ముందురోజే ఎండలో పెట్టి దువ్వించాడు. తోపుకు ఒక పక్క తాను నిలబడి, ఇంకో పక్కకు వీధిలోకెల్లా మంచి పనివాడు వరదయ్యను పిలిచాడు. అయిదు కట్టలకూ ఒకే గంజి, పూర్తి గంజి. అడుగడుక్కీ ఆగి పోగులు నిమిరాడు. ఆడవాళ్ళు అతుక్కున్న పోగుల్ని విడదీశారు, తెగిన ఒకటి రెండింటిని ముడివేశారు. ముడి కనిపించకూడదని మామ గట్టిగా చెప్పాడు. అంత అందమైన పావు ఆ వీధిలో నేను ఎన్నడూ చూడలేదు. ఆరిన తర్వాత అయిదు కట్టలుగా కోసి, తిరుత్తణి కొండ మీది విభూతి తెప్పించి, ఒక్కొక్క కట్టకూ చిటికెడు పెట్టాడు.

చీటీలు రాయాల్సింది నేను. "మామా, అన్నీ ఒకటే గదా. చీటీల మీద ఏమని రాసేది?" అన్నాను.

"వాడు ఏమి అడిగినాడో అదే రాయి. వానికి చీటీ, దొరకు నూలు. ఇద్దరికీ సంతోషం."

కాలు, సగం, ముక్కాలు, పూర్తి, ఒకటింకాలు అని అంకెల్లో, బోర్డు మీద రాసేటంత గుండ్రంగా రాశాను. కట్టడానికి దారం అడిగితే తిరుమలమ్మ ఇవ్వలేదు, లేచి లోపలికి పోయింది. నేనే వెతుక్కుని కట్టాను.

తిరుత్తణి పోస్టాఫీసులో పార్సెలు మీద అంటించడానికి ఒక పచ్చ చీటీ ఇచ్చారు. అందులో "విలువ లేని నమూనా" అని రాయమన్నాడు గుమాస్తా. మామ పక్కనే ఉన్నాడు. "విలువ లేదని ఎట్ల రాస్తావు? రెండు దినాలు కష్టపడి చేసినా" అని గుమాస్తాతో వాదానికి దిగాడు. అది సుమ్మా, ఊరికే వాడే మాట అనీ, అట్లా రాస్తే సుంకం పడదనీ ఆయన ఎంతో ఓపికగా చెప్పాడు. నేను రాసేశాను. బస్సెక్కేదాకా మామ ఆ మాటనే తిడుతూ ఉన్నాడు.

రెండు నెలలకు షణ్ముగం దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాడు అంత సంతోషంగా రాసిన ఉత్తరం అదొక్కటే. "మామ కుంచెను ఏమనుకోవాలో తెలియడం లేదు. కాలు గంజి పెట్టిన నూలు కూడా పూర్తి గంజి నూలంత గట్టిగా ఉంది. పదిసార్లు లాగి చూశాను. మిషను మీద రుద్ది చూశాను. అయిదూ సమానం. బలం గంజిలో లేదు, తోపులో ఉంది. ప్రొఫెసరు నమ్మలేకపోతున్నాడు. ఈ లెక్కన మిషను సగానికి సగం చిన్నదైపోతుంది, గంజి బియ్యం కూడా మిగులుతుంది. పుస్తకం మొత్తం దీని మీదే రాస్తున్నాను."

చదవడం మధ్యలో ఆపాను. నీళ్ళు తాగి మిగిలింది చదివాను. మామ చుట్టూ చూసి, "నేను చెప్పలా?" అన్నాడు. వరదయ్య కండువా తీసి మామకు దండం పెట్టాడు. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం నీలం కాగితం ముందు పెట్టుకున్నాను. "అయిదు కట్టలూ ఒకటే, చీటీలు నమ్మవద్దు, పుస్తకం ఆపు" అని మూడు ముక్కలు రాశాను. రాసి చదువుకున్నాను. వాడు ఎంత సంతోషంగా ఉన్నాడు, ప్రొఫెసరు కూడా మెచ్చుకున్నాడు, ఎవరికి తెలుస్తుంది, డిగ్రీ చేతికొస్తే చాలు కదా అనుకున్నాను. నూలు గట్టిగా ఉండటం అబద్ధం కాదుగదా అని కూడా అనుకున్నాను. ఉత్తరం చింపి పొయ్యిలో వేశాను. మరునాడు తిరుమలమ్మ, "తమ్మునికి ఉన్నది ఉన్నట్ల రాసినారా?" అని అడిగింది. రాసి పోస్టు చేసినానని చెప్పాను.

ఆ చలికాలం వాడి దగ్గర్నుంచి ఉత్తరాలు రాలేదు. ఎనభై ఒకటి మార్చిలో మనిషే వచ్చాడు. తిరుత్తణి స్టేషన్లో దిగితే నేను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. ఒక ట్రంకు పెట్టె, ఒక కోటు. చదువు అయిపోయిందా అని ఎవరడిగినా "అయిపోయింది" అనేవాడు. అది నిజమే. మామ ఊరంతా తిప్పి చూపించాడు. మన పావు జర్మనీకి పోయి పాసై వచ్చింది అని చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా షణ్ముగం పట్టాభిరామ్‌లో ఆ పాత కంపెనీలోనే చేరాడు. తిరుత్తణిలో గది తీసుకుని, పొద్దున ఆరు పదికి రైలు. వాడి కింద పనిచేసినవాడు ఇప్పుడు వాడి పైన ఉన్నాడు. పెళ్ళి మాట ఎత్తితే చెవిన వేసుకోలేదు. మిషను సంగతి అడిగితే, చూద్దాం అనేవాడు. అట్టల మీద గీయడం మానేశాడు. ఆదివారం మాత్రం బట్టలు ఉతకడు. ఎవరూ అడగని చోటికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఎనభై మూడులో మా బడి వార్షికోత్సవానికి వాణ్ణి పెద్దమనిషిగా పిలుద్దామన్నాడు హెడ్మాస్టరు. తిరువళ్ళూరులో ఒక ప్రెస్సులో ఆహ్వాన పత్రిక అచ్చుకు ఇచ్చాను. వాడి పేరు పక్కన "ఎం.ఎస్. (జర్మనీ)" అని వేయించాను. డ్యూటీ దిగి వస్తూ వాడు ప్రెస్సుకు వచ్చాడు. ప్రూఫు చూసి, అచ్చుకూర్చే మనిషితో నెమ్మదిగా, "ఆ రెండక్షరాలు తీసేయండి" అన్నాడు. నేను వాదించాను. మూడున్నరేళ్ళు చలిలో చచ్చి సంపాదించింది వేసుకోకపోతే ఎట్లా అని కేకలేశాను. "నేను పాస్ కాలేదు బావా" అన్నాడు, అదే గొంతుతో.

తిరువళ్ళూరు స్టేషన్ బెంచీ మీద కూర్చుని మిగిలింది చెప్పాడు.

వైవాకు వచ్చిన రెండో పెద్దాయనకు పుస్తకంలోని లెక్క నచ్చలేదు. ఒక్కొక్క కట్టలోంచి కాస్త నూలు తీసి, ఉడికించి, గంజంతా పోయేలా కడిగి, ఆరబెట్టి తూయించాడు. అయిదింటిలోనూ గంజి నూటికి పన్నెండు పాళ్ళే తేలింది. కాలు అన్నదానిలోనూ అంతే, ఒకటింకాలు అన్నదానిలోనూ అంతే. ఆ కాగితం తెచ్చి బల్లమీద పెట్టి, ఇదేమిటని అడిగాడు.

"ఆ పరీక్ష నువ్వు ముందే చేసుకోలేదా?" అన్నాను.

"చేసుండాల. మొదటి దినమే చేయాల్సిన పని. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతాది. ప్రొఫెసరు అదే అన్నాడు, చిన్నపిల్లోడు కూడా చేస్తాడని." అరచెయ్యి చాపి చూసుకున్నాడు. "పార్సెలు విప్పినాను బావా. విభూతి రాలి చేతిలో పడింది. ఆ వాసన చూసి మూడేళ్ళయింది నాకు. మామ తోసిన నూలు, నీ చేతిరాత. దాన్ని ఉడకబెట్టి నిజమా అబద్ధమా అని ఎట్ల చూసేది? రెండుసార్లు నీళ్ళు కాచి పెట్టినా. చేతులు రాలేదు."

ఒక రైలు వచ్చి పోయింది. వాడు ఎక్కలేదు.

"ప్రొఫెసరు మంచోడు. ఇంటికి ఉత్తరం రాయమన్నాడు. చేసినవాళ్ళు, ఇట్ల పొరపాటు చేసినాము అని సంతకం పెట్టి పంపిస్తే ఆరు నెలలు గడువు ఇప్పిస్తానన్నాడు. వీసాకు కూడా తానే చెప్తానన్నాడు."

"మరి ఎందుకురా రాయలా?"

"ఎవురి చేత సంతకం పెట్టించేది? నేను చేసిన పావు అబద్ధమని మామ చేత వేలిముద్ర వేయించి దొరకు పంపించాల్నా? నన్ను పెంచిన మనిషి. పూర్తి గంజి కట్టనే పొరపాటున అయిదుగా విడదీసి చీటీలు నేనే కట్టినా అని చెప్పినా. అట్లయితే నువ్వు ఇంజనీరుగా పనికిరావు అన్నారు. సరే అన్నా."

ఏడుపు వచ్చింది నాకు. వాడు ఏడవలేదు. పట్టాలవైపు చూస్తూ, "ఒక్క మాట అడుగుతా బావా. చీటీలు రాసేటప్పుడు నీకు తెలుసా?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసమే వాడు రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడని నాకప్పుడు అర్థమైంది. తెలియదంటాననే ఆశ వాడి మొహంలో కనిపించింది. మామ నాకు చెప్పకుండా చేశాడని, నేను అమాయకంగా రాశానని ఈ రెండేళ్ళూ అనుకుంటూ వచ్చినట్టున్నాడు. నేను తెలుసునన్నాను.

 వాడు తర్వాత వచ్చిన రైలుకు లేచి, "మామకు తెలియకూడదు. మన ఇద్దరితో పోవాల" అన్నాడు. నేను ఒట్టు పెట్టాను. రాసి చింపేసిన ఉత్తరం సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఎనభై అయిదు ఐప్పసిలో పట్టిన వాన తెరిపి ఇవ్వలేదు. వీధిలో మోకాటి లోతు నీళ్ళు. ఇరవై రోజులు ఒక్క పావు చాపలేదు. వరదయ్య కొడుకులిద్దరూ మగ్గం విప్పి అటక మీద పెట్టేసి, అరక్కోణం దగ్గర ఇటుకల పనికి పోయారు. ఒక ఆదివారం మధ్యాహ్నం షణ్ముగం అక్కను చూడటానికి వచ్చాడు, సంచిలో నాలుగు పడి బియ్యం పట్టుకుని. మామ అప్పటికే తిణ్ణె మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. వరదయ్యతో పాటు వీధివాళ్ళు అయిదారుగురు ఉన్నారు. పని లేని చేతులు, వినడానికి వేరే మాటలు కూడా లేవు.

మామ బియ్యం సంచి చూశాడు. చూసి, ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నది బయటికి తీశాడు.

"బియ్యం ఎవురికి కావాలరా? మిషను యాడ?"

షణ్ముగం గొడుగు మడుస్తున్నాడు.

"వానలో పావు తోసే మిషను చేస్తానంటివి. దానికోసరం జర్మనీ పోతివి. నువ్వు అడిగితే తలకు పోసుకుని, నా చేతులతో అయిదు కట్టలు చేసిచ్చినా. అట్లాంటి పావు నేను మళ్ళా చేయలా. దొరలే నోరు తెరిచినారని నువ్వే రాస్తివి. ఇంక నీకేం తక్కువ చేసినాము? వరదయ్య బిడ్డలు ఇటుకలు మోస్తాండారు. నువ్వు నాలుగు పడి బియ్యం తెస్తివి. మా పావులో తప్పు లేదురా. తప్పు నీలోనే ఉండాది."

 మామ గొంతు కోపంతో మొదలై చివరకు వణికింది. ఆయన ఆకలితో ఉన్నాడని మా అందరికీ తెలుసు. తిరుమలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన అవసరమూ లేదు. తమ్ముడు దిగిన రోజే వాడి మొహం చూసి, నేను పోస్టు చేయలేదని తెలుసుకున్న మనిషి. గడప దాటి బయటికి వచ్చి, "మామా, ఆ పొద్దు వాడు రాసిన జాబులో..." అని మొదలుపెట్టింది.

"అక్కా," అన్నాడు షణ్ముగం. "దప్పికగా ఉండాది. మజ్జిగ ఉంటే ఇయ్యి."

ఆమె ఆగింది. వాడి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను మాట్లాడతానేమోనని చూసింది. అప్పుడైనా ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. వేసిన ఒట్టు అడ్డమొచ్చిందని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. అది కాదు. చెబితే, ఆ తిణ్ణె మీద మామ తలే కాదు, నా తల కూడా దిగిపోతుంది.

ఆమె లోపలికి పోయింది.

షణ్ముగం గొడుగును గోడకు ఆనించి పెట్టి, మామ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. "అవును మామా," అన్నాడు. "పావులో తప్పు లేదు. అంత మంచి పావు అక్కడ ఎవురూ చూడలేదంట. నాకే చేతకాలేదు."

మామ మొహం తేలికపడింది. కోపం పోయింది. చేయి చాచి వాడి తడిసిన తల మీద పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "చూస్తివా అయ్యవారా, వాడే ఒప్పుకున్నాడు" అన్నాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను.